పదివేల కుండ పగిలింది... పాట మిగిలింది

వాకిలి నిండా గొడుగులు. వెదురు పుల్లల మీద కాగితం అతికించి, నూనె పూసి, ఎండలో ఆరబెట్టిన గొడుగులు. వాటి మధ్య ఒక ఆడపిల్ల. చేతికి పని, నోటికి పాట. తండ్రి మాత్రం పని వదిలేసి పాత సామాన్ల కొట్టుకు పోయాడు. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. గొడుగులు అమ్మిన డబ్బు పెట్టి ఆ పెద్దమనిషి ఈ పూట ఏ పాత గిన్నె తెస్తాడో, ఏ మాసిన బొమ్మ తెస్తాడో ఎవరికీ తెలియదు. కోపం వచ్చినప్పుడల్లా ఆ పిల్ల నోటితో ఒక చిన్న శబ్దం చేస్తుంది. జపాను భాష ఒక్క ముక్క రానివాడికి కూడా అది తెలిసిపోతుంది. మన ఇళ్ళలో ఆడపిల్లలు 'ఛ!' అంటారే, అచ్చం అదే.

ఇది జపానులో 1939 డిసెంబరులో విడుదలైన సినిమా. పేరు 'ఒషిదోరి ఉతగస్సేన్'. ఇంగ్లీషువారు 'సింగింగ్ లవ్‌బర్డ్స్' అన్నారు. నిక్కత్సు కంపెనీ క్యోటోలో తీసింది. దర్శకుడు మసహిరో మకినో. నలుపు తెలుపు బొమ్మ, నిడివి గంటా పది నిమిషాల లోపు. మన లెక్కలో అది సగం సినిమా కూడా కాదు. కానీ ఆ గంటలో పాట ఆగేది చాలా తక్కువ. మాట మొదలుపెట్టిన మనిషి మధ్యలో రాగం అందుకుంటాడు. ఎదుటివాడు పాటతోనే జవాబిస్తాడు. పక్కనున్నవాళ్ళు వంత పాడతారు.

ఒషిదోరి అంటే ఒక జాతి బాతు. ఆడదీ మగదీ ఎప్పుడూ జంటగా ఉంటాయని జపానువారి నమ్మకం. అందుకే అన్యోన్యమైన దంపతులను ఆ బాతులతో పోలుస్తారు. మన కావ్యాలలో చక్రవాకాలు ఉన్నాయి, కానీ వాటిది వేరే కథ. రాత్రి కాగానే విడిపోయి ఒకదాని కోసం ఒకటి ఏడుస్తాయి. వాళ్ళ పక్షులు విడిపోవు. ఉతగస్సేన్ అంటే పాటల పోటీ. సినిమాలో పోటీ జరిగేది ఒక మగవాడి కోసం.

ఆ మగవాడు ఉద్యోగం లేని సమురాయి. ప్రభువుల దగ్గర కత్తి పట్టి కొలువు చేసేవారు సమురాయిలు. ప్రభువు పోయినా, కొలువు ఊడినా ఆ మనిషిని రోనిన్ అంటారు. పాతకాలంలో అటువంటివారు పొట్ట గడవక ఇంట్లో కూర్చుని గొడుగులకు కాగితం అతికించేవారు. ఈ సంగతి జపాను ప్రేక్షకుడికి ఎవరూ చెప్పనక్కరలేదు. గొడుగు కనబడగానే 'పాపం, బతికి చెడ్డవాళ్ళు' అనుకుంటాడు. తెలియనివాడు గొడుగులు చూసి 'అబ్బ, ఎంత అందంగా ఉన్నాయి' అనుకుని ఊరుకుంటాడు. తాటాకు గొడుగులు కట్టి సంతలో అమ్ముకుని బతికిన కుటుంబాలను ఎరిగినవారు మాత్రం అంత తేలికగా ఊరుకోరు. ఒక గొడుగుకు ఎంత వస్తుందో, అందులో వెదురుకు ఎంత పోతుందో వాళ్ళ మనసు లెక్క కట్టేస్తుంది.

రోనిన్ పేరు రెయిజబురో. వేషం వేసింది ఆనాటి పెద్ద నటుడు చియెజో కతఓక. అతనిమీద మనసు పడిన ఆడపిల్లలు ముగ్గురు. పక్కింటి గొడుగుల పిల్ల ఒహరు. డబ్బున్న వర్తకుడి కూతురు ఒతోమి. పెద్దలు ఎప్పుడో మాట అనుకున్న సమురాయి ఇంటి పిల్ల ఫుజియో. ఒతోమి వీధిలో నడిస్తే కుర్రకారు వెనకపడి పాడుతుంది. ఒహరు వెనక ఎవరూ పడరు. ఆమెకు ఉన్నది గొడుగులూ, తండ్రీ.

పేలపిండి ఇల్లు

ఆ తండ్రి పాత్ర చూడవలసినదే. కసురుకోడు, తాగడు, జూదమాడడు. కూతురంటే ప్రాణం. ఉన్నదొక్కటే జబ్బు, పాత వస్తువులు కనబడితే నిలబడలేడు. బియ్యానికని దాచిన డబ్బు కొట్లో పోసి ఒక పాత్ర సంకన పెట్టుకుని చంకలు గుద్దుకుంటూ వస్తాడు. అది ఏ మహానుభావుడు వాడినదో పాట కట్టి చెబుతాడు. కూతురు ఒకచోట కుండలో చేయి పెట్టి వేయించిన బార్లీ పిండి తీస్తుంది. ఆ పూటకు అదే భోజనం.

ఈ పిండి దగ్గర జపాను ఒక్కసారిగా దగ్గరికి వచ్చేస్తుంది. తొలి ఏకాదశికి మనం తినే పేలపిండి లాంటిదే అది. మనకు పండగ వస్తువు, ఆ ఇంట్లో రోజూ తిండి. మగవాడి సరదాకు ఆడపిల్ల కడుపు మాడటం చూడటానికి మనం టోక్యో దాకా వెళ్ళనక్కరలేదు. కోడిపందాల మీద పొలం పోగొట్టినవారు, నాటకాల పిచ్చిలో ఇల్లు తాకట్టు పెట్టినవారు లేని ఊరు ఏది? వాళ్ళలో చాలామంది చెడ్డవాళ్ళు కాదు. ఈ తండ్రి కూడా కాదు. అందుకే కోపం ఎవరిమీద చూపాలో ఒహరుకు తెలియదు. ఛ అని ఊరుకుంటుంది.

ఈ తండ్రి వేషం వేసిన నటుడు తకషి షిమురా. అప్పటికి ఆయన వయసు 34. కూతురిగా వేసిన హరుయో ఇచికవకు 26. తండ్రికీ కూతురికీ తేడా ఎనిమిదేళ్ళు! మనవాళ్ళకు ఇది వింత కాదు. తమకంటే చిన్నవాడైన గుమ్మడి గారిని తండ్రిగా పెట్టుకుని రామారావు, నాగేశ్వరరావు గార్లు నటించారు. షిమురా పాట కూడా పాడాడు. గొంతు బాగుందని, రికార్డులకు పాడమని ఆయనను అడిగారని చెబుతారు. ఆయన గాయకుడు కాలేదు.

మరి ఏమయ్యాడు? 1954లో కురొసావా తీసిన 'సెవెన్ సమురాయ్' లో బందిపోట్ల నుంచి ఒక రైతు గ్రామాన్ని కాపాడటానికి బయలుదేరిన ఏడుగురికి నాయకుడు ఈయనే. తల గొరిగించుకుని సన్యాసి వేషంలో వెళ్ళి దొంగ చేతిలోని పసిపిల్లను విడిపించే ఘట్టం చూసినవారు మరవరు. ఆ కథనే అమెరికావారు 1960లో తమ గుర్రాల సినిమాగా మార్చుకున్నారు. ఆ ఛాయలు 1975లో మన 'షోలే' లోకి వచ్చాయి. గబ్బర్‌సింగ్ డైలాగులు కంఠతా పట్టిన మన పల్లెలకు, గొడుగులు కట్టే ఈ ముసలితండ్రి అలా దూరపు చుట్టమే. ఈ సినిమాకు కెమెరా పట్టిన కజుఓ మియగవ కూడా చిన్నవాడు కాదు. 1951లో వెనిస్‌లో పెద్ద బహుమతి కొట్టిన 'రషోమోన్' ను చిత్రీకరించినవాడు ఆయనే.

కత్తి పట్టిన ప్రభువు, జాజ్ పాట

బయటివాడు బిత్తరపోయే చోటు మరొకటి ఉంది. ఊరి ప్రభువు పరివారంతో వీధిలోకి వస్తాడు. తల మీద పిలక ముడి, నడుముకు కత్తులు. నోరు తెరిస్తే అమెరికా జాజ్! వెనక నడిచే భటులు తాళం తప్పకుండా వంత పాడతారు. జపాను అంటే మౌనం, వంగి నమస్కారం, టీ తాగడంలో నూరు పద్ధతులు అని చదువుకున్నవాడికి ఇది మింగుడు పడదు. ఇది నిజంగా పాత జపానేనా, లేక ఎవరో ఎగతాళికి తీశారా అనిపిస్తుంది.

రెండూ కాదు. ప్రభువు వేషం వేసిన డిక్ మినే ఆనాడు జపానులో పేరుపడ్డ జాజ్ గాయకుడు. 1934లో ఆయన పాడిన 'డైనా' రికార్డు దేశమంతా మోగింది. ఆయన గొంతు వినడానికే జనం హాలుకు వస్తారని తెలిసి ఆ వేషం ఇచ్చారు. కథ ఏ కాలానిదైనా పాట తమ కాలానిది కావాలనుకున్నారు.

ఆలోచిస్తే ఇందులో తప్పు పట్టే హక్కు మనకు అసలు లేదు. కురుక్షేత్రం నాటకంలో శ్రీకృష్ణుడు రాయబారానికి వెళ్ళి పద్యం ఎత్తుకునేది దేని శ్రుతిలో? హార్మోనియం శ్రుతిలో. ఆ పెట్టె ఐరోపా నుంచి వచ్చింది. ద్వాపరయుగంలో హార్మోనియం ఎక్కడిదని ఇంతవరకు ఏ ఊళ్ళోనూ ఎవరూ లేచి అడగలేదు. వన్స్‌మోర్ అని మాత్రం అరిచారు. కాటిసీనులో హరిశ్చంద్రుడు కడుపుకోత పడుతూ రాగం తీస్తే, ఏడుపులో సంగీతమేమిటని మనవాడు ప్రశ్నించడు. కళ్ళు తుడుచుకుంటాడు. కనుక మాట మధ్యలో పాట వచ్చే ఈ పద్ధతికి అమెరికావాడికంటే, ఇంగ్లీషువాడికంటే నాటకాలు మరిగిన తెలుగు పల్లెవాడే ముందు అలవాటు పడతాడు. ఇంగ్లీషు ఉపశీర్షికలు చదవలేకపోయినా, ఎవరు ఎవరిని ప్రేమిస్తున్నారో, ఎవరికి ఎవరిమీద ఒళ్ళు మండుతోందో పాట వరసే చెబుతుంది.

అలాగని అన్నీ అర్థమవుతాయని కాదు. హాస్యంలో సగం మాటల విరుపులో ఉంది, అది పోతుంది. ఎవరు ఎవరికి ఎంత వంగారు, ఎవరిని ఏ మాటతో పిలిచారు అన్నవాటిలో ఉన్న మర్యాదలూ కొంటెతనాలూ పోతాయి. కత్తియుద్ధం కూడా ఉంది కానీ, దాన్ని చూసి గుండె పట్టుకోవలసిన పని లేదు.

సినిమా ఇంత చిన్నదిగా ఉండటానికి ఒక కారణం చెబుతారు. కథానాయకుడు కతఓక జబ్బుపడ్డాడు. అనుకున్న వేరే సినిమా ఆగిపోయింది. హాళ్ళకు ఏదో ఒకటి పంపాలి కనుక మకినో కొద్ది రోజుల్లో దీన్ని చుట్టేశాడట. కథానాయకుడు ఉన్న సన్నివేశాలు తక్కువ. ఆ లోటు ఒహరుకూ తండ్రికీ లాభమైంది. మకినో పనితనం తండ్రి నుంచి వచ్చింది. ఆ తండ్రి షోజో మకినోను జపాను చలనచిత్రానికి పితామహుడంటారు. కొడుకు జీవితంలో రెండువందల అరవైకి పైగా సినిమాలు తీశాడు.

ఆ ఏడాది సంగతి

ఇంతవరకు అంతా సరదాయే. కానీ 1939 అనే సంవత్సరాన్ని పక్కన పెట్టి ఈ సినిమా చూడటం కుదరదు.

జపాను సైన్యం 1937 జూలై నుంచి చైనాలో యుద్ధం చేస్తోంది. ఆ ఏడాది డిసెంబరులో నాన్కింగ్ నగరంలో జరిగిన మారణకాండ లోకం ఎరిగినదే. 1939 అక్టోబరులో జపానులో సినిమా చట్టం అమలులోకి వచ్చింది. కథ ముందుగా అధికారులకు చూపాలి. దర్శకుడైనా నటుడైనా ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. ఆ సంవత్సరమే కొరియాలోనూ, జపాను పడమటి భాగంలోనూ వానలు లేక వరి ఎండింది. డిసెంబరు మొదలు, బాగా తెల్లగా దంచిన బియ్యం అమ్మరాదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. సరిగ్గా ఆ నెలలో ఈ సినిమా వచ్చింది. తెర మీద బియ్యం లేక పిండి తింటున్న పిల్లను చూసి హాలులో నవ్వినవారు ఇంటికి వెళ్ళి ఏ రంగు అన్నం తిన్నారో ఊహించుకోవచ్చు.

మరుసటి ఏడాది 1940లో ప్రభుత్వం గాయకుల పేర్ల మీద పడింది. ఇంగ్లీషు వాసన ఉన్న పేర్లు తీసేయమంది. డిక్ మినే 'డిక్' ను వదిలి మినే కోఇచి అయ్యాడు. యుద్ధం ముగిశాకే పాత పేరు తిరిగి వచ్చింది. ఆ 1940లోనే నృత్యశాలలు మూతపడ్డాయి. విలాసం మనకు శత్రువని టోక్యో వీధుల్లో బోర్డులు పెట్టారు. అంటే ప్రభువు వీధిలో జాజ్ పాడుకుంటూ వచ్చిన ఈ సినిమా, తలుపు మూసుకునే ముందు చివరిసారి వీచిన గాలి వంటిది.

ఆ యుద్ధం చైనాతో ఆగలేదు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. అక్కడ ఓడరేవులోనూ, బియ్యపు మిల్లుల్లోనూ కూలి చేసుకునేవారిలో శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాల తెలుగువారు వేలకు వేలు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుతో వారిని కోరంగీలని పిలిచేవారు. ఓడ దొరకనివారు అడవులగుండా, కొండలగుండా నడిచి ఇండియా చేరారు. దారిలో పోయినవారు పోయారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. పట్నం ఖాళీ చేసి జనం చుట్టాల ఊళ్ళకు బళ్ళు కట్టారు. అప్పటి పసివాళ్ళకు ఇప్పుడు ఎనభై దాటాయి. మన తీరంలో పాతతరానికి జపాను అంటే చాలాకాలం 'జపాను బాంబు' అనే అర్థం.

అందువల్ల మనవాడు ఈ సినిమా చూసేటప్పుడు ఒక ఇరకాటంలో పడతాడు. ఒహరు పాడుతుంటే తల ఊపకుండా ఉండలేడు. తల ఊపుతూ, ఈ హాలులో నవ్విన కుర్రవాళ్ళలో ఎవరు రెండేళ్ళ తరువాత ఏ విమానం ఎక్కారో అనుకోకుండానూ ఉండలేడు. సినిమాలో యుద్ధం మాటే లేదు. శత్రువు లేడు, జెండా లేదు, దేశం కోసం చావమని పిలుపు లేదు. దీన్ని మకినో ధైర్యమనేవారు ఉన్నారు. కళ్ళు మూసుకోవడమనేవారూ ఉండవచ్చు. పండగ సీజనుకు హాళ్ళు నింపాలన్న కంపెనీ తొందరే ఎక్కువ పనిచేసి ఉంటుంది.

సరిగ్గా ఆ 1939లోనే మన తెలుగులో గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ' తీశారు. జమీందారులకు ఒళ్ళు మండింది. మన ప్రభువు తెరమీదకు వస్తే రైతు గుండె మండింది. వాళ్ళ ప్రభువు తెరమీదకు వచ్చి పాట పాడి పోయాడు. చెడ్డపని ఆయనా చేయబోయాడు కానీ, సినిమా ఆయనను నవ్వించి వదిలేసింది.

కుండ

ఆ చెడ్డపని ఏమిటంటే, ప్రభువుకూ పాత వస్తువుల పిచ్చి ఉంది. ఆ కొట్లోనే ఒహరు తండ్రితో స్నేహం కుదిరింది. స్నేహంతో పాటు డబ్బు చేతులు మారింది. తరువాత ప్రభువు కన్ను ఒహరుమీద పడింది. డబ్బన్నా కట్టు, పిల్లనన్నా పంపు అన్నాడు. తండ్రి కళ్ళు అప్పుడు తెరుచుకున్నాయి. బియ్యం మాని కూడబెట్టినదంతా అమ్మబోతే అవి నకిలీవని తేలింది. నవ్వుల సినిమాలో ఒక్క క్షణం నవ్వు ఆగిపోయేది ఇక్కడే. అప్పులవాడు ఇంటిమీదకు వచ్చినప్పుడు పిల్ల పెళ్ళి మాట ఎత్తడం మన ఊళ్ళలో విననిది కాదు.

ఇక చివరికి పిండి పోసుకున్న ఆ మట్టికుండే అసలు సిసలు పాతవస్తువని బయటపడుతుంది. విలువ పదివేల ర్యో. ర్యో అంటే బంగారు నాణెం. ఒహరు ఎగిరి గంతేసింది. ఇక బార్లీ పిండి లేదు, గొడుగులు లేవు, ఒతోమి ముందు తల దించుకోవడం లేదు. కానీ రెయిజబురో ముఖం తిప్పుకున్నాడు. డబ్బున్నవాళ్ళంటే తనకు పడదన్నాడు. ఒహరు కుండ వంక చూసింది, అతని వంక చూసింది. కుండ ఎత్తి పగలగొట్టింది.

ఇక్కడ తెలుగు పల్లె ప్రేక్షకుడు, అందులోనూ ఇల్లు నడిపే ఆడది, సినిమాతో తెగతెంపులు చేసుకునే ప్రమాదం ఉంది. ఆ కుండ అతనిదా? పిండి తిన్నది అతనా? కుండలో నాలుగో వంతు ఖరీదుకు ఇల్లు, నాలుగు ఎకరాల తరి, తండ్రి ముసలితనానికి ఆధారం వచ్చేవి. డబ్బు చేదని చెప్పడం అప్పులేనివాడికి తేలిక. పైగా విలాసం వద్దని ప్రభుత్వం బోర్డులు రాయించబోయే కాలంలో, పేదపిల్ల చేత బంగారం పగలగొట్టించడం ఎవరికి నచ్చుతుందో ఆలోచించవలసిందే.

మరో పక్షం వాదన కూడా ఉంది. తండ్రిని తినేసిన జబ్బే ఆ కుండ రూపంలో కూతురి చేతికి వచ్చింది. పాతవస్తువుకు వెల కట్టి మనిషిని అమ్మబోయిన ఇల్లు అది. నిన్నటిదాకా పిండి కుండ, ఇవాళ పదివేలు. రేపు ఎవరో వచ్చి ఇదీ నకిలీయే అంటే? ఆమె పగలగొట్టింది రెయిజబురో కోసమే కానక్కరలేదు. ఈ మాట సినిమా చెప్పదు. హరుయో ఇచికవ చేతులు కుండను ఎత్తిన తీరు చూసినవారు తేల్చుకోవాలి.

పెంకుల చప్పుడు తరువాత మళ్ళీ సంగీతం. అందరూ వాకిట్లోకి వస్తారు. ఒహరు, రెయిజబురో చెరో గొడుగు పట్టుకుంటారు. ఆరబెట్టిన గొడుగులన్నీ గిర్రున తిరుగుతాయి. అమ్మవలసిన సరుకు అది. ఆ రాత్రికి బియ్యం ఇంకా కొనలేదు.